అద్దపు లోకంలో అతకని లెక్కలు: 'స్టార్ ట్రెక్' మిర్రర్ యూనివర్స్‌లో పొంతన ఎక్కడ తప్పింది?

మన లోకం లాంటిదే ఇంకో లోకం ఉంది. అక్కడా మీరే ఉన్నారు. అదే ముఖం, అదే పేరు, అదే ఉద్యోగం. కానీ అక్కడ పై అధికారిని చంపితేనే ప్రమోషన్ వస్తుంది. తప్పు చేసిన ఉద్యోగికి మెమో ఇవ్వరు, నొప్పి పుట్టించే యంత్రంతో శిక్షిస్తారు. మనుషులు నక్షత్రాల మధ్యకు వెళ్లింది స్నేహం కోసం కాదు, దోచుకోవడానికి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సిరీస్ 'స్టార్ ట్రెక్' 1967లో ఒక్క ఎపిసోడ్ కోసం ఊహించిన లోకం ఇది. అభిమానులు దీన్ని 'మిర్రర్ యూనివర్స్' అంటారు. ఆ ఒక్క ఎపిసోడ్‌తో ముగిసిపోవాల్సిన కథ, 2025లో వచ్చిన 'సెక్షన్ 31' సినిమా దాకా సాగింది. మధ్యలో నాలుగు సిరీస్‌లు, ఎందరో రచయితలు దాని మీద చేయి వేశారు. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు చెప్పినది చాలాచోట్ల అతకలేదు.

వేరే లోకం అన్నాక తేడాలు ఉండవా, వాటిని తప్పులని ఎలా అంటాం అని అడగొచ్చు. మన లోకానికీ ఆ లోకానికీ తేడా ఉంటే తప్పు లేదు, కథ నిలబడేదే ఆ తేడా మీద. కానీ ఆ లోకం గురించి నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పినదానికీ పొంతన ఉండాలి. సినిమావాళ్లు 'కంటిన్యూయిటీ' అనేది దీన్నే.

మిర్రర్ యూనివర్స్‌లో పొంతన తప్పిన చోట్లలో చాలావాటిని నవ్వుకుని వదిలేయవచ్చు. ఒకదాన్ని మాత్రం అంత తేలిగ్గా వదల్లేం. మనుషులు క్రూరులయ్యేది పుట్టుకతోనా, బతికే వ్యవస్థ వల్లనా అనే ప్రశ్నకు ఈ కథ మొదట ఒక జవాబిచ్చి, యాభై ఏళ్ల తర్వాత దానికి ఎదురు జవాబిచ్చింది.

ఇంతకీ కథేమిటి?

మొదటి ఎపిసోడ్ పేరు 'మిర్రర్, మిర్రర్'. జెరోమ్ బిక్స్‌బీ రాశారు. 1967 అక్టోబర్ 6న ఎన్‌బీసీ చానల్‌లో ప్రసారమైంది.

కెప్టెన్ కర్క్, డాక్టర్ మెకాయ్, ఇంజినీర్ స్కాట్, కమ్యూనికేషన్స్ ఆఫీసర్ ఉహురా ఒక గ్రహం నుంచి తమ నౌక 'ఎంటర్‌ప్రైజ్'కు ట్రాన్స్‌పోర్టర్‌లో తిరిగొస్తుంటారు. అయాన్ తుఫాను వల్ల పొరపాటున వేరే లోకంలోని ఎంటర్‌ప్రైజ్‌లో తేలతారు. అక్కడ ఫెడరేషన్ లేదు, టెర్రన్ సామ్రాజ్యం ఉంది. టెర్రన్ అంటే భూమివాసి. అక్కడి స్పాక్‌కు గడ్డం ఉంటుంది. ఆ తర్వాత అమెరికన్ టీవీలో దుష్ట కవల అనగానే గడ్డం పెట్టడం ఒక ఆనవాయితీగా మారిందంటే దానికి ఈ స్పాకే కారణం.

తిరిగి వచ్చేముందు కర్క్ ఆ గడ్డం స్పాక్‌తో మాట్లాడతాడు. ఈ సామ్రాజ్యం 240 ఏళ్లలో కూలిపోతుందని ఆ స్పాక్ లెక్క. కూలిపోతుందని తెలిసీ దాన్నెందుకు మోస్తున్నావు, మార్చవచ్చు కదా అని కర్క్ అడుగుతాడు. ఆలోచిస్తానని స్పాక్ అంటాడు. ఎపిసోడ్ అక్కడితో అయిపోతుంది.

ఆ ఆలోచన ఏమైందో 27 ఏళ్ల తర్వాత గానీ ప్రేక్షకులకు తెలియలేదు. 1994 మేలో 'డీప్ స్పేస్ నైన్' సిరీస్‌లో 'క్రాసోవర్' అనే ఎపిసోడ్ వచ్చింది. స్పాక్ నిజంగానే సామ్రాజ్యాన్ని మార్చాడు. ఆయుధాలు తగ్గించాడు, శాంతి బోధించాడు. అదను చూసుకుని క్లింగాన్లు, కార్డాసియన్లు కూటమి కట్టి దండెత్తారు. మనుషులు బానిసలయ్యారు. కర్క్ చెప్పిన మంచిమాట ఒక జాతి మెడకు సంకెళ్లయింది. టీవీ సైన్స్ ఫిక్షన్‌లో ఇంత ధైర్యమైన కొనసాగింపులు అరుదు.

కథలోని కాలక్రమం ప్రకారం ముఖ్యమైన మజిలీలు ఇవి:

- 2063: భూమి మీద దిగిన వల్కన్లను జెఫ్రమ్ కాక్రెన్ తుపాకీతో కాల్చి, వాళ్ల నౌకను దోచుకుంటాడు. ('ఎంటర్‌ప్రైజ్' సిరీస్, 2005)
- 2155: మన లోకం నుంచి, అదీ భవిష్యత్తు నుంచి, 'డిఫైంట్' అనే నౌక సామ్రాజ్యం చేతికి చిక్కుతుంది. హోషి సాటో తనను తాను సామ్రాజ్ఞిగా ప్రకటించుకుంటుంది. (అదే సిరీస్)
- 2257 ప్రాంతం: చక్రవర్తి ఫిలిప్పా జార్జియో పాలన, ఆమె పతనం. ('డిస్కవరీ', 2018)
- 2267: కర్క్ రాక. (1967)
- 2370 నుంచి: కూటమి పాలనలో బానిసలుగా మనుషులు, వాళ్ల తిరుగుబాటు. ('డీప్ స్పేస్ నైన్', 1994 నుంచి 1999 వరకు ఐదు ఎపిసోడ్లు)

ఈ క్రమంలో కాకుండా, ప్రసారమైన సంవత్సరాల క్రమంలో ఒకసారి చూడండి. 1967, 1994, 2005, 2018. కథలో మొదట జరిగినవి చివర రాశారు. అల్లికంతా అయిపోయాక మొదటి వరసలు వేసినట్టన్నమాట. చిక్కుల్లో సగం ఇక్కడే పుట్టాయి.

చిక్కు 1: రెండు లోకాలూ విడిపోయింది ఎక్కడ?

'ఎంటర్‌ప్రైజ్' సిరీస్‌లో 'ఇన్ ఎ మిర్రర్, డార్క్‌లీ' అనే రెండు భాగాల కథ 2005 ఏప్రిల్‌లో వచ్చింది. దాని మొదటి సన్నివేశం అభిమానులు మరచిపోలేనిది. 1996 నాటి 'ఫస్ట్ కాంటాక్ట్' సినిమాలో కాక్రెన్ వల్కన్లతో చేయి కలుపుతాడు. అవే దృశ్యాలు వాడుకుంటూ ఇక్కడ మాత్రం కాక్రెన్ తుపాకీ తీస్తాడు. చూసినవాళ్లందరూ సహజంగా ఒకటే అనుకుంటారు: రెండు లోకాలూ విడిపోయింది 2063లో, ఈ తుపాకీ పేలినప్పుడే.

ఆ వెంటనే టైటిల్స్ మొదలవుతాయి. మామూలుగా ఆ టైటిల్స్‌లో మానవజాతి ప్రయాణాల చరిత్ర కనిపిస్తుంది. ఈ కథకు మాత్రం వాటిని మార్చి యుద్ధాలు, విధ్వంసాలు చూపించారు. చంద్రుడి మీద దిగిన వ్యోమగామి అక్కడ సామ్రాజ్యం జెండా పాతుతాడు. అంటే 2063 కంటే చాలా ముందే సామ్రాజ్యం ఉంది. కాక్రెన్ తుపాకీ ఆ లోకానికి కారణం కాదు, అప్పటికే ఉన్న లోకానికి ఒక ఉదాహరణ మాత్రమే.

అదే కథలో డాక్టర్ ఫ్లాక్స్ రెండు లోకాల సాహిత్యాన్నీ పోల్చి చూస్తాడు. పాత్రలన్నీ వేరుగా, అటు లోకం లెక్కలో బలహీనంగా, ఉన్నాయనీ, ఒక్క షేక్‌స్పియర్ నాటకాలు మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉన్నాయనీ అంటాడు. ఆ వాక్యం హాస్యానికి రాసిందే అయినా, చీలిక ఎంత వెనక్కి పోతుందో తేలకుండా చేసింది.

ఒక్క క్షణంలో విడిపోయిన లోకమా, మొదటి నుంచీ విడిగానే ఉన్న లోకమా అన్నది తేల్చకపోవడం రచయితలకు సౌకర్యమే. కానీ అది తేలకపోతే తర్వాతి చిక్కు మరింత ముదురుతుంది.

చిక్కు 2: అదే మనుషులు ఎలా పుట్టారు?

చరిత్ర శతాబ్దాల కిందటే వేరైపోయింది. యుద్ధాలు వేరు, వలసలు వేరు, చచ్చినవాళ్లు వేరు. అయినా ప్రతి తరంలో అదే తల్లిదండ్రులకు అదే పిల్లలు పుడుతున్నారు. పెద్దయ్యాక అదే నౌకలో పనిచేస్తున్నారు.

స్పాక్‌నే తీసుకోండి. అతని తండ్రి సరెక్ వల్కన్, తల్లి అమాండా మనిషి. మన లోకంలో రెండు జాతులూ మిత్రులు కాబట్టి వాళ్ల పెళ్లి జరిగింది. అటు లోకంలో వల్కన్లు మనుషుల చేతిలో ఓడిపోయిన జాతి. పైగా 'డిస్కవరీ'లో అక్కడి సరెక్ సామ్రాజ్యానికి ఎదురుతిరిగిన వాళ్లతో ఉంటాడు. పదేళ్ల తర్వాత అతని కొడుకు అదే సామ్రాజ్యపు యుద్ధనౌకలో రెండో స్థానంలో ఉంటాడు. ఈ కుటుంబం కథ ఏ సిరీస్‌లోనూ చెప్పలేదు.

సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న బాగా దగ్గరిది. మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి ఈ నగరానికి వచ్చిన నేతన్నల మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇప్పుడు లింబాయత్, ఉధనా వైపు పెరుగుతున్నారు. 'తాత ఆ రోజు రైలెక్కకపోయి ఉంటే మనం సిరిసిల్లలో ఎలా ఉండేవాళ్లమో' అనుకోవడం ఇలాంటి ఇళ్లలో సహజం. ఆ మాటలో 'మనం' ఎలాగూ ఉంటామన్న నమ్మకం దాగి ఉంది. నిజానికి తాత రైలెక్కకపోతే నాన్న పెళ్లి వేరే ఊళ్లో, వేరే ఇంట్లో జరిగేది. సిరిసిల్లలో ఎవరో పిల్లలు ఉండేవాళ్లు, వాళ్లు మనం కాదు. మిర్రర్ యూనివర్స్ ఆ నమ్మకాన్నే పట్టుకుని 58 ఏళ్లు నడిచింది.

ఈ విషయంలో 'డీప్ స్పేస్ నైన్' కొంత నిజాయతీ చూపింది. మన లోకంలో కమాండర్ సిస్కోకు జేక్ అనే కొడుకు ఉన్నాడు, భార్య జెన్నిఫర్ చనిపోయింది. అటు లోకంలో జెన్నిఫర్ బతికే ఉంది, జేక్ మాత్రం పుట్టనే లేదు. తల్లిని పోగొట్టుకున్న కొడుకు, ఆ కొడుకును కననే కనని తల్లి ఎదురుపడే 'షాటర్డ్ మిర్రర్' (1996) ఎపిసోడ్ ఈ కథలన్నిటిలోకీ మనసుకు పట్టేది. తేడాకు ఒక పర్యవసానం చూపించినందుకే ఆ ఎపిసోడ్ నిలిచింది.

అదే సిరీస్ 1999లో ఆ జాగ్రత్త వదిలేసింది. విక్ ఫాంటేన్ అనే గాయకుడు మన లోకంలో మనిషి కాదు, ఒక కంప్యూటర్ ప్రోగ్రాం గీసిన హోలోగ్రామ్. 'ది ఎంపరర్స్ న్యూ క్లోక్' ఎపిసోడ్‌లో అటు లోకపు విక్ రక్తమాంసాలున్న మనిషిగా కాసేపు కనిపించి తుపాకీ కాల్పుల్లో చనిపోతాడు. ఒక సాఫ్ట్‌వేర్‌కు అటు లోకంలో తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్నకు జవాబు లేదు. రచయితలు సరదాకు చేశారు, అభిమానులు పాతికేళ్లుగా దాని మీద వాదించుకుంటున్నారు.

చిక్కు 3: భవిష్యత్తు నుంచి వచ్చిన నౌక ఏమైంది?

1968లో వచ్చిన 'ది థోలియన్ వెబ్' ఎపిసోడ్‌లో డిఫైంట్ అనే నౌక రెండు అంతరిక్షాల మధ్య సందులో పడి మాయమవుతుంది. ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు. 2005 నాటి రచయితలు ఆ తెగిన దారాన్ని అందుకున్నారు. ఆ నౌక మిర్రర్ యూనివర్స్‌లోకి, అదీ 113 ఏళ్లు వెనక్కి, 2155కు వచ్చి పడిందన్నారు. పాత ప్రశ్నకు కొత్త జవాబు ఇవ్వడంలో ఇది అందమైన పని.

జవాబు అందంగానే ఉంది గానీ, కొత్త ప్రశ్న పుట్టింది. 113 ఏళ్లు ముందున్న ఆయుధాలు, ఇంజిన్లు, డేటాబ్యాంక్ దొరికిన సామ్రాజ్యం 2267 నాటికి మన ఫెడరేషన్‌ను ఎంతో దూరం దాటిపోయి ఉండాలి. కర్క్ వెళ్లి చూసినప్పుడు మాత్రం అక్కడి నౌక దాదాపు మన నౌకలాగే ఉంది. 'డిస్కవరీ' ఈ చిక్కును కొంత సర్దింది. డిఫైంట్ సమాచారాన్ని చక్రవర్తులు రహస్యంగా దాచిపెట్టారని చెప్పింది. దొరికిన విద్యను తన సైన్యానికే ఇవ్వకుండా దాచుకునే రాజు ఉండటం నమ్మదగ్గదే. కానీ వందేళ్లు ఆ రహస్యం ఎలా నిలిచిందన్నది మిగిలే ఉంది.

నౌకను కంటికి కనిపించకుండా చేసే క్లోకింగ్ పరికరం సంగతీ ఇంతే. 1999 ఎపిసోడ్‌లో కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కూటమి దగ్గర ఆ పరికరం లేదు, అందుకే మన లోకం నుంచి దొంగిలించి తెమ్మంటారు. 2005 కథ చూస్తే, 2155లోనే ఆర్చర్ సిబ్బంది సులిబాన్ జాతి నుంచి చిక్కిన క్లోకింగ్ పరికరాన్ని తమ నౌకకు బిగించుకుంటారు. అంటే రెండు వందల ఏళ్లకు పైగా ముందే అటు లోకంలో ఉన్న వస్తువు కోసం ఆ తర్వాతివాళ్లు పక్క లోకానికి దొంగల్ని పంపారు.

చిక్కు 4: అటు వెళ్లే దారి ఏది?

1967లో నియమం స్పష్టంగా ఉంది. ఇటు నుంచి నలుగురు వెళితే అటు నుంచి అదే నలుగురు వస్తారు. మార్పిడి జరుగుతుంది. ఆశ్చర్యం ఏమిటంటే కర్క్ బృందం అక్కడ తేలేసరికి ఒంటి మీద అక్కడి యూనిఫాం ఉంటుంది. మనిషి ఇటువాడు, బట్టలు అటువి.

1994లో కీరా, బషీర్ ఒక చిన్న నౌకలో వర్మ్‌హోల్ గుండా వెళుతూ దారితప్పి అటు చేరతారు. అటు నుంచి ఎవరూ ఇటు రారు. ఎవరి బట్టలు వాళ్ల ఒంటి మీదే ఉంటాయి. 1995కు వచ్చేసరికి అటు లోకపు ఓబ్రయన్ ఒక పరికరం పట్టుకుని కావాలనుకున్నప్పుడు వచ్చి సిస్కోను ఎత్తుకుపోతాడు. 2018లో శిలీంధ్రాల జాలం మీద నడిచే ఇంజిన్‌తో నౌకకు నౌకే వెళ్లిపోతుంది.

మొదట ప్రమాదం, తర్వాత దారి, ఆ తర్వాత గుమ్మం. సులువైన కొద్దీ ఇంకో ప్రశ్న వస్తుంది. ఇంత తేలిగ్గా రాకపోకలు జరుగుతుంటే మిగతా ఎపిసోడ్లలో ఎవరూ దాని ఊసెత్తరేం? 2020లో 'డిస్కవరీ' మూడో సీజన్ ఈ గుమ్మాన్ని మూసేసింది. రెండు లోకాలూ ఒకదానికొకటి దూరం జరిగాయని, కొన్ని శతాబ్దాలుగా రాకపోకలే లేవని ఒక పాత్రతో చెప్పించారు. అంతకుముందు మొదటి సీజన్ చివర, ఆ లోకం ఉందన్న సంగతిని స్టార్‌ఫ్లీట్ రహస్యంగా ఉంచినట్టు చూపించారు. పదేళ్ల తర్వాత అక్కడికి వెళ్లిన కర్క్‌కు ఏమీ తెలియకపోవడానికి కారణం కావాలి కదా.

చిక్కు 5: పాపం రక్తంలో ఉందా?

అసలు పేచీ ఇక్కడుంది.

2018 జనవరిలో వచ్చిన 'డిస్కవరీ' ఎపిసోడ్లలో, అటు లోకపు మనుషుల కళ్లు ఎక్కువ వెలుతురును తట్టుకోలేవని చెప్పారు. రెండు జాతుల మధ్య శారీరకంగా తేడా ఇదొక్కటే అన్నారు. అప్పటిదాకా మన మనిషిగా నటించిన కెప్టెన్ లోర్కా గుట్టు బయటపడేది ఈ కంటి జబ్బుతోనే. సస్పెన్స్‌కు ఇది బాగా పనికొచ్చింది.

పాత ఎపిసోడ్లు తిరగేస్తే ఇది నిలవదు. 1967లో అటు నౌక లోపల వెలుగు మన నౌకలో ఉన్నంతే ఉంది. 2005 కథ దగ్గర ఇంకా స్పష్టంగా దొరుకుతుంది. డిఫైంట్ మన లోకపు నౌక, దాని దీపాలు మన కళ్లకు సరిపడా పెట్టినవి. కరెంటు వచ్చాక ఆ వెలుగులో ఆర్చర్, సాటో, మిగతావాళ్లు కళ్లు చిట్లించకుండా తిరుగుతారు, పోరాడతారు.

దీపాల సంగతి వరకైతే అభిమానులు ఏదో ఒక సర్దుబాటు చెప్పుకునేవారే. 2020 నవంబర్‌లో వచ్చిన 'డై ట్రయింగ్' ఎపిసోడ్ ఇంకో అడుగు వేసింది. అందులో కోవిచ్ అనే అధికారి మాజీ చక్రవర్తి జార్జియోను విచారిస్తూ, టెర్రన్ల మూలకణాల్లోనే ఒక తేడా బయటపడిందని చెబుతాడు. వాళ్ల దుష్టత్వానికి వాళ్ల సంస్కృతే కారణమని పూర్వం అనుకునేవాళ్లని, ఆ తర్వాత ఆలోచన మారిందని ఆ మాటల సారం.

దీంతో మొదటి కథ పునాదే కదులుతుంది. 1967 ఎపిసోడ్ గడ్డం స్పాక్‌ను మనసు మార్చుకోగల వ్యక్తిగా చూపింది. ఒక మంచి ప్రశ్న అడిగితే అతను ఆలోచనలో పడ్డాడు. 2005లో టిపోల్ డిఫైంట్ డేటాబ్యాంక్ చదివి, మనుషులూ వల్కన్లూ సమానంగా బతికే చరిత్ర ఒకటి సాధ్యమేనని తెలుసుకుని తిరుగుబాటుకు దిగింది. ఇంకో రకంగా బతకవచ్చని తెలిస్తే చాలు, జనం మారతారన్నది ఆ కథల ప్రాణం.

1994 నాటి 'క్రాసోవర్' దీన్నే తిరగేసి చూపింది. మన లోకంలో బజోర్ ప్రజలు కార్డాసియన్ల ఆక్రమణలో నలిగిపోయినవాళ్లు. అటు లోకంలో అదే బజోర్‌కు చెందిన కీరా, మనుషుల మీద పెత్తనం చేసే పాలకురాలు. ఇటు బాధితులు అటు బాధించేవాళ్లయ్యారు. క్రూరత్వం టెర్రన్ల కణాల్లో ఉందంటే కీరాలోకి ఎలా వచ్చింది? క్లింగాన్లు, కార్డాసియన్లు మనుషులను గనుల్లో బానిసలుగా ఎందుకు తోలారు? కొరడా ఎవరి చేతిలో ఉంటే వాళ్లే కొడతారని ఆ ఎపిసోడ్ చెప్పింది.

'డిస్కవరీ' తన మాటను తానే నిలబెట్టుకోలేకపోయింది. కోవిచ్ ఆ మాట అన్న నెల లోపే, 2020 డిసెంబర్‌లో వచ్చిన 'టెర్రా ఫర్మా' రెండు భాగాల్లో జార్జియో తన పాత లోకానికి వెళ్లి, పాత పద్ధతిలో పాలించలేకపోతుంది. బానిసగా ఉన్న సారూను దగ్గరికి తీసి, అతని జాతి ప్రాణాలు నిలిపే రహస్యం చెబుతుంది. మన లోకంలో గడిపిన కాలం ఆమెను మార్చింది. మరి మూలకణాలేమయ్యాయి?

మన దేశంలో ఈ ప్రశ్న కేవలం సైన్స్ ఫిక్షన్ ప్రశ్నగా మిగలదు. పుట్టుకను బట్టి ఫలానావాళ్లు నేరస్తులని చట్టమే రాసుకున్న చరిత్ర మనది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేసింది. స్టువర్టుపురంలో ఎరుకలవాళ్లను సెటిల్మెంట్‌లో పెట్టడం ఆ ఆలోచన ఫలితమే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది గానీ, ముద్ర ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అందుకే ఒక టీవీ పాత్ర దుష్టత్వానికి జీవశాస్త్రం చూపినప్పుడు తెలుగు ప్రేక్షకుడికి దాన్ని తేలిగ్గా తీసుకోవడం కష్టం.

ఇన్ని చిక్కులు ఎందుకు వచ్చాయి?

1967లో టీవీ ఎపిసోడ్ అంటే ఒకసారి చూసి మరచిపోయేది. ఇంట్లో రికార్డు చేసుకునే వీలు లేదు. ఏ వారానికా వారం కథ పూర్తి కావాలి. ముందూ వెనకా చూసుకోవాలన్న ఒత్తిడి రచయితల మీద లేదు. 1980ల్లో దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ చూసిన మన ప్రేక్షకుల పరిస్థితీ అదే. ఒక వారం తప్పిపోతే పోయినట్టే.

2017లో 'డిస్కవరీ' మొదలయ్యేసరికి అంతా మారిపోయింది. భారత్‌లో అది మొదట నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కొత్త ఎపిసోడ్ ఆపి, పాత ఎపిసోడ్ తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. తప్పులు పెరిగాయనడం కంటే, పట్టుకునే సాధనం చేతికొచ్చిందనడం సరైనది.

ఇంకో కారణమూ ఉంది. నటులకు ఈ కథలంటే ఇష్టం, ఏళ్ల తరబడి మంచివాళ్లుగా నటించినవాళ్లకు ఒక వారం విలనీ చేసే అవకాశం. ప్రేక్షకులు కోరుకునేదీ అదే ముఖాలు కొత్త వేషంలో. అందుకని ఎన్ని శతాబ్దాల చరిత్ర మారినా అదే మనుషులు అదే నౌకలో ఉండి తీరాలి. తర్కం ఒప్పుకోకపోయినా నటీనటుల జాబితా ఒప్పుకుంటుంది.

మిగతావాళ్లు ఎలా నెగ్గుకొచ్చారు?

బ్రిటిష్ సిరీస్ 'డాక్టర్ హూ' 2006లో ఒక సమాంతర లండన్‌ను చూపింది. ఆకాశంలో జెప్పెలిన్లు తిరుగుతుంటాయి. కథానాయిక రోజ్ తల్లిదండ్రులు అక్కడ ధనవంతులు. రోజ్ మాత్రం అక్కడ పుట్టలేదు, ఆ ఇంట్లో రోజ్ అనేది కుక్కపిల్ల పేరు. చరిత్ర మారితే అందరూ పుట్టరన్న సంగతిని ఒక్క జోక్‌తో ఒప్పుకున్నారు.

'ఫ్రింజ్' (2008-2013) ఇంకా జాగ్రత్తపడింది. 1985లో ఒక తండ్రి పక్క లోకం నుంచి పిల్లవాడిని ఎత్తుకొచ్చాడు, ఆ చర్య వల్ల అక్కడి ప్రకృతి చిట్లింది. అక్కడ కనిపించే పెద్ద విధ్వంసానికి ఆ ఒక్క నేరమే మూలం. అంతకుముందు నుంచీ చిన్న చిన్న తేడాలున్నా, పెద్ద కారణం ఏమిటో ప్రేక్షకుడికి తెలుసు. ఏ ఎపిసోడ్ ఏ లోకంలో జరుగుతోందో టైటిల్స్ రంగును బట్టే చెప్పేవారు.

స్టార్ ట్రెక్ కూడా 2009 సినిమాలో ఈ పాఠం పాటించింది. భవిష్యత్తు నుంచి నీరో అనే విలన్ 2233కు రావడంతో కొత్త కాలరేఖ మొదలైందని తేదీతో సహా చెప్పింది. అయినా 2233కు ముందు సంగతులు కూడా వేరుగా ఎందుకున్నాయని అభిమానులు అడిగారు. మూడో సినిమాకు సహరచయిత అయిన నటుడు సైమన్ పెగ్ 2016లో, కాలంలో వచ్చిన ఆ చీలిక వెనక్కి కూడా పాకుతుందని సర్దిచెప్పారు.

మన దగ్గర సమాంతర లోకం మీద నడిచిన పెద్ద టీవీ సిరీస్ లేదు గానీ, ఒక కథకు వేరే రూపం కట్టుకోవడం మనకు అలవాటే. వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అయినా 'మాయాబజార్' (1957) చూసి అది తప్పని ఎవరూ అనలేదు. పాండవులు ఒక్కసారైనా తెర మీద కనిపించకపోయినా ఎవరికీ లోటు అనిపించలేదు. సత్యపీఠం ఎక్కినవాడు నిజం చెప్పక తప్పదని సినిమా ఒక నియమం పెట్టింది, చివర శకునిని ఆ నియమమే పట్టిచ్చింది. భారతంతో పొంతన లేకపోయినా తనతో తనకు పొంతన ఉంది. 'ఒకే ఒక జీవితం' (2022) కూడా అంతే. కాలంలో వెనక్కి వెళ్లినా విధిని దాటలేరన్న ఒక్క నియమానికి కట్టుబడింది.

ఏది క్షమించవచ్చు, ఏది కాదు?

బట్టలు మారడం, క్లోకింగ్ పరికరం, విక్ ఫాంటేన్ లాంటివి చేతిపని లోపాలు. కథ వాటి మీద నిలబడలేదు కాబట్టి అవి ఉన్నా కూలదు. అదే మనుషులు మళ్లీ పుట్టడం నాటకంలో తెర లాంటిది. చూసేవాళ్లూ, వేసేవాళ్లూ ముందే ఒప్పుకున్న ఏర్పాటు. మూలకణాల సంగతి ఈ రెంటిలోకీ రాదు. అద్దంలో కనిపించేది మన ముఖమే కావాలి, అప్పుడే దాన్ని చూసి ఉలిక్కిపడతాం. అటువైపువాళ్లు వేరే జాతి జీవులని తేలిపోతే మనకు భయం లేదు, బాధ్యతా లేదు.

కొత్తగా చూడాలనుకునేవాళ్లు కథలోని తేదీల క్రమం పట్టుకోవద్దు. 'మిర్రర్, మిర్రర్' చూసి, వెంటనే 'క్రాసోవర్', 'షాటర్డ్ మిర్రర్' చూడండి. ఆ తర్వాత 2005 నాటి రెండు భాగాలు. 'డిస్కవరీ' ఎపిసోడ్లు చివరికి ఉంచుకోండి. కోవిచ్ మాటలు వచ్చే చోటికి చేరేసరికి గడ్డం స్పాక్ మీకు బాగా గుర్తుంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో మీరే తేల్చుకోవచ్చు.